లేని రాయికి వంట

మిషను అతని చుట్టూ ఒక్కసారి తిరిగి ఫొటో తీసుకుని ఆగిపోయింది. ఆగిన మిషను మళ్ళీ కదలకపోతే అర్థమేమిటో టేబుల్ మీద పడుకున్న డ్రైవరుకి ఈపాటికి బాగానే తెలుసు. కాసేపటికి మందపాటి తలుపు తెరుచుకుంది. మిషను నడిపే అమ్మాయి లోపలికి వచ్చి టేబుల్ని కిందికి దించింది.

"ఇవాళ కూడా గ్యాసే బాబాయ్ గారూ," అంది నెమ్మదిగా. "లేచి కాస్త నడిచి, బాత్‌రూమ్‌కి వెళ్ళి రండి. మళ్ళీ నీళ్ళు తాగి మొదటి నుంచీ మొదలుపెడదాం."

అతను తల దించుకుని గౌను వెనక ముడి సరిచేసుకుంటూ బయటికి వచ్చాడు. సిటీ బస్సు నడుపుతూ తల నెరిసిన మనిషి. ఎంతటి ట్రాఫిక్‌లోనైనా బండిని టైముకి చేర్చేవాడని డిపోలో పేరు. అలాంటివాడు ఈ వారంలో మూడోసారి టేబుల్ మీంచి వెనక్కి వస్తున్నాడు.

వెయిటింగ్ హాల్లో మగవాళ్ళంతా నీళ్ళు తాగి తమ వంతు కోసం కూర్చున్నారు. వాళ్ళలో తాళాలు బాగుచేసే ఆయన ఒకడు. ఆయనతో డ్రైవరుకి మొదటి రోజే స్నేహం కలిసింది.

"ఏం గురూ, మళ్ళీ బ్రేక్‌డౌనా?" అన్నాడు తాళాలాయన.

"తిరిగి డిపోకి పంపారు."

"నా సంగతి చూడు. బతుకంతా జనం తాళాలు తీసిపెట్టాను. ఇక్కడేమో గట్టిగా తాళం వేసుకుని కూర్చోమంటున్నారు."

చుట్టుపక్కల నలుగురైదుగురు నవ్వారు. నీళ్ళతో నిండిన పొట్టతో ఉన్నవాళ్ళు మనసారా నవ్వలేరు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, పెదాలు బిగపట్టి, కళ్ళతోనే నవ్వుకున్నారు.

అతనికి వచ్చింది ప్రోస్టేట్ క్యాన్సరు. రోజూ ఆ మిషనుతో కిరణాలు పెట్టించుకోవాలి. ఆ గ్రంథి మూత్రాశయానికి కిందా, పెద్దపేగు చివరి భాగానికి ముందూ ఇరుక్కుని ఉంటుందనీ, అలాంటిదొకటి తనలో ఉందనీ అరవై దగ్గరపడేదాకా అతనికి తెలియనే తెలియదు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పైకి జరిగి కిరణాలకి దూరంగా ఉంటాయి. వెనక పేగు మాత్రం ఖాళీగా ఉండాలి. అందులో గాలి చేరితే గ్రంథి ముందుకి జరిగిపోతుంది. నిన్న కొట్టిన చోటే ఇవాళా కొట్టాలి, రేపూ అక్కడే కొట్టాలి. డ్రైవరుకి ఆ సంగతి ఇట్టే బోధపడింది. స్టాపు ఒకచోట ఉండి బస్సు ఇంకోచోట ఆగితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాలా?

తిండి సంగతి చెప్పడానికి వేరే ఒకావిడ ఉంది. చిక్కుళ్ళు, బఠాణీలు, క్యాబేజీ, ముల్లంగి, పచ్చి ఉల్లి, సోడాలు ఈ వైద్యం పూర్తయ్యేదాకా మానేయమంది. మెత్తగా ఉడికినవి, తొక్క తీసినవి తినమంది. నీళ్ళు ఆస్పత్రికి వచ్చేముందు ఒక్కసారిగా కాకుండా పొద్దుట్నుంచీ కొద్దికొద్దిగా తాగాలి. హడావుడిగా మింగకూడదు, తింటూ మాట్లాడకూడదు. అలా చేస్తే గాలి కూడా లోపలికి పోతుంది. అతను అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. పాటించాలనే అనుకున్నాడు. అయితే ఇంట్లో వంట అతని చేతిలో లేదు. అక్క చేతిలో ఉంది.

అక్క అతనికన్నా పదేళ్ళు పెద్ద. అమ్మ చిన్నప్పుడే పోతే ఈ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. తర్వాత ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసింది. రెండు వందల మంది చేత ప్లేటులో మెతుకు మిగలకుండా తినిపించి రిటైరైన మనిషి. బావకి కడుపులో క్యాన్సరు వస్తే చివరిదాకా ఒంటిచేత్తో చేసింది. ఆయన పోయాక ఆ జబ్బు పేరు ఆమె నోటివెంట మళ్ళీ రాలేదు. టీవీలో ఆ మాట వినబడితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అందుకే ఫోన్లో ఆమె "రోజూ ఆస్పత్రికెందుకురా?" అని అడిగినప్పుడు, "కిడ్నీలో రాయి అక్కా. కరిగిస్తున్నారు," అనేశాడు. అబద్ధం అంత నున్నగా జారుతుందని అతనే అనుకోలేదు. నిజానికి అక్కని బాధపెట్టకూడదన్నది సగం కారణమే. జబ్బు వచ్చిన చోటు అలాంటిది. భార్య బతికి ఉంటే ఆమెకి చెప్పుకునేవాడేమో. తల్లిలాంటి అక్కకి ఆ మాట చెప్పడానికి నోరు పెగల్లేదు.

రాయి అనగానే అక్క రెండో రోజుకల్లా బ్యాగుతో, తన సొంత కుక్కరుతో దిగిపోయింది. "నీ ఇంట్లో గిన్నెల సంగతి నాకు తెలుసులే," అంటూ వంటిల్లు స్వాధీనం చేసుకుంది. రాయికి ఏది మంచిదో బస్సులో పక్కన కూర్చున్నావిడని అడిగింది, కింద వాటాలో ముసలాయన్ని అడిగింది, కూరగాయల కొట్టువాణ్ణి అడిగింది. ముల్లంగి మంచిదన్నారు. చిక్కుడు గింజలు ఉడికించిన నీళ్ళు మంచివన్నారు. ఇంక చూడాలి. పొద్దున ముల్లంగి, మధ్యాహ్నం చిక్కుడు గింజలు, సాయంత్రం ఆ గింజల నీళ్ళు పెద్ద గ్లాసుతో.

"గుటక వేసెయ్. రాయి గీయి ఏమీ ఉండదు, పిండైపోతుంది."

అతను గుటక వేసేవాడు. అక్క పెట్టిన దాన్ని వద్దనడం అతనికి చిన్నప్పట్నుంచీ చేతకాలేదు. తప్పించుకోవడానికి పాట్లు మాత్రం చాలానే పడ్డాడు. ఆకలి లేదంటే, నీరసపడ్డావంటూ ఇంకో గరిటె ఎక్కువ వేసింది. గింజల్ని రుమాల్లో మూటగట్టి పక్కింటి పిల్లికి పెట్టి చూశాడు. అది వాసన చూసి, ఇతని మొహం వంక ఒకసారి చూసి, గోడ దిగి వెళ్ళిపోయింది.

అలా మూడోసారి వెనక్కి వచ్చిన రోజు, వైద్యం అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. బట్టలు మార్చుకుని వస్తుంటే మిషను నడిపే అమ్మాయి అతన్ని పక్కకి పిలిచింది.

"బాబాయ్ గారూ, మీరు కావాలని చెయ్యట్లేదని తెలుసు. కానీ రోజూ ఇలాగైతే కష్టం. వేరేచోట తగిలితే పేగు దెబ్బతింటుంది. ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"మా అక్క."

"ఆవిడకి చెప్పారా, ఏం పెట్టకూడదో?"

అతను గౌన్లు వేసే బుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఆవిడకి జబ్బేంటో చెప్పలేదమ్మా."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూసిందో. "రేపు ఆవిణ్ణి తీసుకురండి. మీకు చెప్పడం కష్టమైతే నేను చెప్తాను," అంది.

ఇంటికి వెళ్తూ దారంతా మాటలు కూర్చుకున్నాడు. ఎలా మొదలుపెట్టినా ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరుగుతున్నాడు. తలుపు తీసేసరికి ఇల్లంతా చిక్కుడు గింజలు ఉడికిన వాసన. అక్క అప్పటికే ప్లేటు పెట్టి, మూత తీసి, గరిటెతో నిలబడి ఉంది.

"ఇంతాలస్యమేంట్రా? చల్లారిపోయింది. కూర్చో."

అతను కూర్చోలేదు. "అక్కా, అది తినకూడదు నేను."

"ఎవరన్నారు?"

"ఆస్పత్రిలో."

"వాళ్ళకేం తెలుసు, రాయికి ఇంతకన్నా..."

"రాయి లేదక్కా."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. అతను కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కొక్క మాటనీ పట్టి లాగుతున్నట్టు చెప్పాడు. క్యాన్సరనీ, ఎక్కడనీ, కిరణాలతో వైద్యమనీ, మొదట్లోనే దొరికింది కాబట్టి తగ్గుతుందన్నారనీ. ఈ గింజల వల్ల లోపల గాలి చేరి మూడుసార్లు టేబుల్ మీంచి దింపేశారనీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ ప్లేటు వంకే చూశాడు.

అక్క స్టవ్ కట్టేసింది. అది అంతకుముందే కట్టేసి ఉందని ఇద్దరూ గమనించలేదు. గరిటెని గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ నీకు వండిపెడుతున్నాననుకున్నాను," అంది. "లేని రాయికి వండానన్నమాట."

"నువ్వు బాధపడతావని..."

"బాధపడితే పడేదాన్ని. బాధ నాకు కొత్తా? నా చేత్తోనే నీ మందుకి అడ్డం పెట్టించావు కదరా. అది ఎలా మింగను నేను?"

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఏడ్చిన శబ్దమేమీ రాలేదు. వస్తే బాగుండుననిపించింది అతనికి.

సాయంత్రమైనా ఆమె బయటికి రాలేదు. డ్రైవరు వంటింట్లోకి వెళ్ళాడు. బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టి, నీళ్ళ కొలత తెలియక ఎక్కువే పోశాడు. అన్నం జావలా తయారైంది. రెండు గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీస్తుంటే సగం గుడ్డు పెంకుతోనే ఊడొచ్చింది. రెండు ప్లేట్లలో సర్ది అక్క గది తలుపు తట్టాడు.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ప్లేటు అందుకుని, స్పూనుతో అన్నాన్ని ఒకసారి కదిపి చూసింది.

"దీన్ని ఏమంటార్రా?"

"అన్నమే."

"హాస్టల్లో వంటమనిషి ఇలా వండితే ఆ పూటే ఇంటికి పంపేదాన్ని," అంది. అయినా తిన్నది. నాలుగు స్పూన్లయ్యాక, "మెత్తగా తినమన్నారన్నావుగా. అయితే నువ్వు సరిగ్గానే వండావు," అంది. ఆ మాటతో అతని గుండెల మీది బరువు కొంత దిగింది. మొత్తం దిగలేదు.

పొద్దున అతను లేచేసరికే అక్క చెప్పులు వేసుకుని తలుపు దగ్గర కూర్చుని ఉంది. "పద," అంది. అంతే.

ఆస్పత్రిలో ఆమె వార్డెను అయిపోయింది. వెయిటింగ్ హాల్ మధ్యలో నిలబడి, మిషను నడిపే అమ్మాయిని వరసపెట్టి అడగడం మొదలుపెట్టింది. పాలు పొయ్యొచ్చా? అరటిపండు? పెరుగు? రొట్టె ఏ రకం? రోజూ విరేచనం ఏ వేళకి కావాలి? కాకపోతే ఏం చెయ్యాలి? డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. పాత పత్రిక ఒకటి తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉంది.

"అమ్మా, కాస్త మెల్లగా," అన్నాడు గొణుగుతూ తాళాలాయన. "మీ తమ్ముడి పేగుల సంగతి వీధి చివరిదాకా వినబడుతోంది."

"మీ పేగుల సంగతి కూడా అడుగుతున్నాను, వినండి," అంది అక్క. "ఏం, మీ ఇంట్లో అడిగేవాళ్ళున్నారా?"

తాళాలాయన నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని, "అమ్మా, నవ్వించకండి, నా తాళం ఊడిపోతుంది," అని బతిమాలాడు.

డ్రైవరు సరేనన్నాక ఆ అమ్మాయి అక్కని కంప్యూటరు ముందుకి తీసుకెళ్ళి కిందటి రోజు తీసిన ఫొటో చూపించింది. తెల్లగా ఉన్నవి ఎముకలు, బూడిదరంగులో ఉన్నది గ్రంథి. దాని వెనక గుండ్రంగా నల్లటి మచ్చ.

"ఈ నల్లటిది జబ్బా?" అంది అక్క.

"కాదండీ. అది గాలి. చూశారా, గ్రంథిని ఎంత ముందుకి తోసేసిందో."

అక్క కళ్ళు చిట్లించి తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "అంటే అది నా వంట," అంది చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. ఆ అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఆ రోజు నుంచి వంటింటి తీరు మారింది. సొరకాయైనా, బంగాళాదుంపైనా తొక్క తీసి, గింజ తీసి, వేలితో నొక్కితే మెదిగేలా ఉడికించేది. చేపని ఆవిరి మీద ఉడకబెట్టేది. ఇంట్లో పోపు వాసనే లేకుండా పోయింది. "నీకోసం వేరే చేసుకో అక్కా, ఈ చప్పిడి తిండి నీకెందుకు?" అంటే, "రెండు వంటలు ఎవరు చేస్తార్రా? నాకూ పళ్ళు లేవులే," అనేది. ఆమె పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి. తింటున్నప్పుడు మాట్లాడకూడదన్న నియమాన్ని కూడా ఆమే అమలుపరిచింది. అతను నోరు తెరవబోతే గరిటెతో టేబుల్ మీద ఒక్కసారి కొట్టేది. అందువల్ల ఇద్దరూ నోరెత్తకుండా నెమ్మదిగా నమిలి తిని, ప్లేట్లు తీసేశాక, అప్పటిదాకా ఆపుకున్న మాటలన్నీ చెప్పుకునేవారు. ఆ ఇంట్లో ఇంత తీరిగ్గా కూర్చుని ఎవరూ మాట్లాడుకోలేదు చాలా ఏళ్ళుగా.

అలా కూర్చున్న ఒక సాయంత్రం అక్క తనంతట తానే బావ మాట ఎత్తింది.

"ఆయన పోయాక మంచం ఎత్తితే, గోడ వారన రొట్టెముక్కలు దొరికాయి. ఎండిపోయి. నేను పెట్టినవే. తిన్నట్టు నటించి అక్కడ పడేసేవాడన్నమాట." కాసేపు గ్లాసులో నీళ్ళ వంక చూసింది. "నువ్వేమో పిల్లికి పెట్టబోయానని మొన్న చెప్పావు. నేనంటే అంత భయమేంట్రా మీకు?"

డ్రైవరు తన గ్లాసు పక్కకి జరిపాడు. తోచిన మాట అనేసి ఊరుకోబెట్టే సందర్భం కాదది.

"భయం కాదక్కా. నువ్వు పెడుతుంటే నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు. దాన్ని చూస్తూ వద్దనడం ఎవరివల్లా కాదు."

"మరి నా మొహం చూడకుండా అను. గోడకేసి చూసి అను. అనడం మాత్రం మానకు," అంది అక్క. బావకి అలా ఎవరో ఒకరు చెప్పి ఉండవలసిందని అతనికి అనిపించింది. ఆమె అదే ఆలోచిస్తోందని చూస్తే తెలుస్తూనే ఉంది.

టేబుల్ మీంచి వెనక్కి రావడం దాదాపుగా తప్పింది. ఒకటి కుదుటపడితే ఇంకొకటి మొదలైంది. వైద్యం సగం దాటాక నీరసం పట్టుకుంది. మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగవలసి వచ్చేది. మూత్రం మంట, ఊరికూరికే వెళ్ళాలనిపించడం. కిరణాల వల్ల అది మామూలేననీ, తర్వాత తగ్గుతుందనీ డాక్టరు మందు రాసిచ్చాడు. నీళ్ళు తాగి ఆపుకోవడమే ఇప్పుడు అతనికి పెద్ద పరీక్ష. బస్సు మీద ఉన్నప్పుడు ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా ఆపుకుని నడిపిన రోజులెన్నో. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఆపుకోవడం చేతకావడం లేదు.

ఒక రోజు అతను నీళ్ళు తాగి, వంతు దగ్గరపడ్డాక మిషను ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళు లోపల ఉన్నారు, కాసేపట్లో అయిపోతుందన్నారు. కాసేపు దాటింది. డ్రైవరు నుదుటి మీద చెమట పట్టింది. వెళ్ళి వస్తానని లేవబోయాడు. లేవడంతోటే పట్టు తప్పింది. ఆపాలని చూశాడు, ఒళ్ళు మాట వినలేదు. గౌను తడిసి, కాళ్ళ మీదుగా నేల మీదికి కారింది.

ఎదురుగా పదిమంది మగవాళ్ళు. అక్క లేచి, తన శాలువా తీసి అతని నడుం చుట్టూ కట్టేసి, ముందు నిలబడింది. తాళాలాయన కిటికీ వైపు తిరిగి బయట ఏదో ఉన్నట్టు చూడసాగాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే అటు తిరిగారు. అక్కడ చూడటానికి ఏమీ లేదు, పార్కింగులో కార్లు తప్ప.

మిషను నడిపే అమ్మాయి శుభ్రమైన గౌను తెచ్చి ఇచ్చింది. "వారంలో ఎవరో ఒకరికి అవుతూనే ఉంటుంది బాబాయ్ గారూ. తప్పు మా మిషనుది," అంది.

గౌను మార్చుకుని బయటికి వచ్చిన డ్రైవరు, "ఇంటికి పోదాం అక్కా. ఇవాళ్టికి వద్దు," అన్నాడు. గోడకేసి చూసి కాదు, ఆమె మొహంలోకి చూసే అన్నాడు.

అక్క వెంటనే సంచీ భుజానికి తగిలించుకుంది. "సరే. పోదాం పద," అంది.

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. బతిమాలుతుందనీ, కోప్పడుతుందనీ అనుకున్నాడు. తలుపుదాకా వెళ్ళాక ఆగాడు. ఎవరూ తోయడం లేదు. ఉండాలా, పోవాలా అన్నది పూర్తిగా తన చేతిలోనే ఉంది. వెనక్కి వచ్చి, నీళ్ళ సీసా మూత తీశాడు. అక్క సంచీ కింద పెట్టి పక్కన కూర్చుంది. మిషను బాగయ్యాక, ఆ రోజు అందరికన్నా చివర, అతని వంతు సజావుగా అయిపోయింది.

చివరి రోజున పెద్ద హడావుడేమీ జరగలేదు. తాళాలాయనకి ఇంకా కొన్నాళ్ళుంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. మిషను నడిపే అమ్మాయి, "మళ్ళీ రావద్దు బాబాయ్ గారూ," అంది నవ్వుతూ. మంట తగ్గడానికి కొన్ని వారాలు పట్టింది. నీరసం అంతకన్నా మెల్లగా వదిలింది. కూరల్లోకి ఉల్లిపాయ వచ్చింది, ఆ తర్వాత క్యాబేజీ వచ్చింది. చిక్కుడు గింజలు మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

కొన్ని నెలలకి రక్తపరీక్ష చేయించి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. క్యాన్సరు జాడ చెప్పే అంకె బాగా తగ్గిందన్నాడు డాక్టరు. పూర్తిగా పోయిందని ఇప్పుడే చెప్పననీ, ఇకముందు కూడా చూస్తూ ఉండాలనీ, డ్యూటీకి మాత్రం వెళ్ళొచ్చనీ అన్నాడు. డ్రైవరు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. అక్క ఒక్కసారే విని కళ్ళు మూసుకుని తెరిచింది.

బయటికి వచ్చాక ఆమె గేటు వైపు కాకుండా, లిఫ్టు పక్కన ఉన్న బోర్డు వైపు నడిచింది. దానికి దగ్గరగా మొహం పెట్టి, తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"కంటి డాక్టరు ఏ అంతస్తురా?"

"ఎవరికి?"

"నాకే. కుడి కంటితో ఏడాదిగా సరిగ్గా కనబడట్లేదు. ఆ రోజు నీ ఫొటో కూడా సగమే చూశాను." అని, అతను ఏదో అనబోతుంటే, "అరవకు. చెప్పాను కదా ఇప్పుడు," అంది.

డ్రైవరు అరవలేదు. బోర్డు చదివి రెండో అంతస్తని చెప్పాడు. భోజనాల వేళనీ, కంటి డాక్టరు రావడానికి ఇంకా చాలా టైముందనీ కౌంటర్లో అన్నారు. ఇద్దరూ అక్కడి కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. అక్క సంచీలోంచి రొట్టె పొట్లం తీసి విప్పి, సగం తుంచి అతనికి అందించింది.

"చూపు పూర్తిగా పోయిందా, మసకా?" అడిగాడు అతను.

"మసకే. నీ ముక్కు కనిపిస్తోంది, మీసం కనబడట్లేదు," అంది అక్క. "తిను ముందు. తిన్నాక అంతా చెప్తాను."